రాతి మీద మడిచిపెట్టిన కోటు

మా ఊరు చూడవచ్చేవాళ్ళు బస్సు దిగగానే ఒకటే మాట అంటారు: "అబ్బ, బొమ్మ గీసినట్టుందే!" అందులో అబద్ధం లేదు. స్కార్‌బెక్ అలాగే ఉంటుంది. కొండ, కొండ కింద నీళ్ళు, నీళ్ళలో మళ్ళీ అదే కొండ తలకిందులుగా. రాతి ఇళ్ళు, పలకల కప్పులు, వంతెన కింద గలగలమంటూ పారే వాగు. వచ్చినవాళ్ళకి నేను టీ కాచి ఇస్తాను, రొట్టె, వెన్న పెడతాను. ఒడ్డు దాకా ఎలా వెళ్ళాలో కూడా చెబుతాను. చెప్పాక వాళ్ళు తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర నుంచి కదలలేను.

ఇది యుద్ధం ముగిసిన ఏటి వసంతంలో జరిగింది. అప్పటికి నేను మా అక్కకంటే పెద్దదాన్ని అయిపోయాను.

మా అక్క జెన్నెట్ పదేళ్ళకే పోయింది. ఒక చలికాలం సరస్సు గడ్డకట్టింది. ఊళ్ళో పిల్లలందరూ దాని మీద జారుతూ ఆడుకున్నారు. అక్క ఆడి ఆడి ఒళ్ళు వేడెక్కి, కోటు విప్పి ఒడ్డున ఒక రాతి మీద మడిచిపెట్టింది. తర్వాత మంచు పగిలింది. ఆ రోజు ఇంటికి వచ్చింది కోటు ఒక్కటే, వేసిన మడత వేసినట్టే.

"కోటు విప్పకుండా ఉండుంటే," అనేది అమ్మ. విప్పకుండా ఉంటే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు. ఉన్ని కోటు బరువుకి ఇంకా తొందరగా మునిగేదని ఊళ్ళో అందరికీ తెలుసు. అమ్మతో అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఏటి వేసవిలోనే న్యూకాజిల్ మీద బాంబులు పడతాయని పిల్లల్ని రైళ్ళలో మా వైపు పంపించారు. మెడలో పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్కు డబ్బాతో ఐదేళ్ళ డోరీన్ మా ఇంటికి వచ్చింది. అమ్మని అత్తా అనీ, నాన్నని మామయ్యా అనీ పిలిచేది. నా పక్కలోనే పడుకునేది. దాని కాళ్ళు ఎప్పుడూ మంచుగడ్డల్లా ఉండేవి. వాటిని నా కాళ్ళ మధ్య పెట్టి నిద్రపోయేది.

నేను చెప్తున్న వసంతంలో దానికి పదేళ్ళు నిండాయి. అమ్మ పెట్టె తెరిచి, అక్క ముదురాకుపచ్చ కోటు తీసి, దానికి తొడిగి, కొమ్ము బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టింది. కోటు అతికినట్టు సరిపోయింది.

నాకు పదేళ్ళు వచ్చినప్పుడు అడిగితే, "నీవి నాన్న భుజాలే, పట్టదు," అంది. కనీసం తొడిగి కూడా చూడలేదు.

"విప్పకూడదు," అంది డోరీన్‌తో. "ఇంటి గడప దాటితే చాలు, ఇది ఒంటి మీద ఉండాలి. ఎండ కాసినా సరే. విన్నావా?"

"వింటున్నా అత్తా."

పొయ్యి దగ్గర బూట్లకు కొవ్వు రాసుకుంటున్న నాన్న తల ఎత్తి చూశాడు. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. లేచి గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు మేమిద్దరం పోస్టాఫీసుకి వెళ్ళాం. పోస్టాఫీసూ, దుకాణమూ కూడా బిర్కెట్ ముసలమ్మదే. డోరీన్ తలుపు తోసేసరికి ఆమె చేతిలోని చక్కెర గరిటె నేల మీద పడింది. రేషన్ చక్కెర. ఆమె దానికేసి చూడనైనా చూడలేదు.

"ఓసి నువ్వటే!" అంది చివరికి, గుండె మీద చెయ్యి వేసుకుని. "నేనింకా... పోనీలే. ఏం కావాలే పిల్లా?"

సాయంత్రం ఆమె మోకాళ్ళ నొప్పులతోనే కొండ ఎక్కి మా ఇంటికి వచ్చింది.

"మార్తా, పోయినవాళ్ళ బట్టలు పోయినవాళ్ళతోనే పోనియ్యాలే. పిల్లకి కోటు కావాలంటే నా మనవరాలిది ఇస్తాగా."

"నీ మనవరాలి కోటుకి బొత్తాలే లేవు," అంది అమ్మ.

"లేకపోతే లేవు. దాని లోపల నా మనవరాలు బతికుంది."

అమ్మ రొట్టె కోస్తున్న కత్తి పక్కన పెట్టి తలుపు తెరిచి పట్టుకుంది. ముసలమ్మ టీ తాగకుండానే దిగి వెళ్ళిపోయింది.

తర్వాత అమ్మ డోరీన్‌ని జెన్నెట్ అని పిలవడం మొదలుపెట్టింది. మొదట పొరపాటున అన్నట్టే అంది. నాలుక కరుచుకుంటుందేమోనని చూశాను. కరుచుకోలేదు. డోరీన్ కూడా వారం తిరక్కుండానే ఆ పేరుకి పలికేసింది. అంతటితో ఆగలేదు. ఒకరోజు గోడ మీద కూర్చుని, "ఇక్కడి నుంచేగా నేను పడి చెయ్యి విరగ్గొట్టుకుంది!" అంది నాతో.

"నువ్వు కాదు. అక్క."

"అవునా?" అని అది మోచెయ్యి తడుముకుంది. "నొప్పి గుర్తుందే నాకు."

అమ్మ ఆ కథలు అన్నిసార్లు చెప్పింది, ఇదీ అన్నిసార్లు వింది. అంతకుమించి ఇంకేమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఆ రాత్రి మంచుగడ్డలాంటి ఆ కాళ్ళు నా కాళ్ళని తాకితే, గోడవైపుకి ముడుచుకుని పడుకున్నాను.

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం డోరీన్ అమ్మ వచ్చింది. పిల్లల్ని చూడ్డానికొచ్చే తల్లిదండ్రులకి ఆదివారాలు చవక టికెట్లు ఇచ్చేవారు. అయినా నోరా హెడ్లీ అంతకుముందు ఒక్కసారే రాగలిగింది. ఆమె తుపాకీ గుళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేసేది. సరుకుల ఓడ మీద పనిచేసే మొగుడు ఓడతోపాటే మునిగిపోయాడు.

మేము వంతెన దగ్గర నిలబడ్డాం. బస్సు దిగిన మనుషుల్లోంచి ఒక సన్నటి ఆవిడ టోపీ పట్టుకుని పరిగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకుంది. గట్టిగా. నూనె వాసన, సబ్బు వాసన. "ఎంతైపోయావే నా తల్లీ!" అంటోంది నా జుట్టులోకి. నేను డోరీన్‌ని కానని చెప్పాలి. నోరు తెరిచాను. కానీ అక్క పోయాక ఎవరూ నన్ను అలా పట్టుకోలేదు.

"ఆ పిల్ల మా డైనా అండీ," అన్నాడు నాన్న మెల్లగా. "మీ అమ్మాయి ఈ పిల్ల."

ఆవిడ నన్ను వదిలి ఆకుపచ్చ కోటు కేసి చూసింది. "డోరీన్?" అంది. డోరీన్ వంతెన గోడ మీద ఏదో గీస్తోంది, తల తిప్పలేదు. "డోరీన్!"

"జెన్నెట్," అంది అమ్మ, గొంతు పెంచకుండానే.

అది చప్పున తిరిగింది.

నోరా ముఖం తెల్లబోయింది. కాసేపటికి చుట్టూ చూసి, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బొమ్మలా ఉందండీ మీ ఊరు," అంది.

ఆదివారం మా ఇంట్లో పొయ్యి రాజేయడం, పశువుల్ని చూసుకోవడం తప్ప వేరే పని ముట్టరు. విశ్రాంతి దినం. కత్తికి సానపట్టకూడదు, సూదీ దారం అసలే ముట్టకూడదు. కానీ గొర్రెలు ఈనే కాలం దేవుడు పెట్టిందే కదా, దానికి అడ్డు లేదు. మధ్యాహ్నం ఒక గొర్రెకి చచ్చిన పిల్ల పుట్టింది. దొడ్డిలో తల్లి లేని పిల్ల ఇంకొకటుంది. నాన్న చచ్చిన పిల్ల తోలు ఒలిచి, కాళ్ళు దూరేందుకు నాలుగు కంతలు చేసి, దాన్ని బతికున్న పిల్లకి చొక్కాలా తొడిగాడు. తల్లిగొర్రె వాసన చూసింది, కాలితో ఒకసారి నేల గీకింది, మళ్ళీ వాసన చూసింది. కాసేపటికి పిల్లకి పొదుగు ఇచ్చింది.

నోరా గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మోసం కదండీ అది," అంది.

"మోసమేనమ్మా," అన్నాడు నాన్న. "కానీ కడుపు నింపే మోసం."

"మరి పోయిన పిల్ల సంగతి దానికి తెలీదంటారా?"

నాన్న చేతులు గడ్డికి తుడుచుకున్నాడు. "గొర్రె మనసులో మాట నాకు తెలిస్తే నేను దాని కంటే గొప్పవాణ్ణి అయ్యేవాణ్ణి."

బస్సు ఎక్కేముందు నోరా మా అమ్మతో, "యుద్ధం ఇవాళో రేపో అయిపోతుందంటున్నారు మిసెస్ మౌన్సీ. అయిపోయాక వచ్చి తీసుకెళ్తాను. నాకింకెవరూ లేరండీ," అంది.

"మీ ఊళ్ళో ఇళ్ళే లేవంటగా, అన్నీ కూలిపోయాయని," అంది అమ్మ.

"ఒక గది ఉంది. సగం కిటికీకి అట్ట కొట్టాం."

"ఇక్కడ పాలున్నాయి. గుడ్లున్నాయి. గాలి ఉంది."

"అవునండీ. అన్నీ ఉన్నాయి," అంది నోరా. ఆమె కళ్ళు కోటు మీదే ఉన్నాయి.

ఆమె వెళ్ళాక ఇంట్లో ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉండిపోయింది. డోరీన్ పోతే అమ్మ ఏమైపోతుంది? పోకపోతే నేనేమైపోతాను? అది లేని ఇల్లు నేను ఊహించలేకపోయాను. అది ఆ కోటులో తిరిగే ఇంట్లో నాకు చోటు లేదని కూడా తెలుసు. సాయంత్రాలు అది ఒడ్డు వెంట నడిచి వస్తుంటే, నీళ్ళలో దాని నీడ ముందుగా కనిపించేది. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఆ నీడనే చూసేది, పిల్లని కాదు.

వానలు పట్టాయి. గొర్రెపిల్ల మీది తోలు తీయాల్సిన రోజు వచ్చింది. "ఇంకొక్క రోజు ఉంచు ఐజక్," అంది అమ్మ. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే. తోలు కుళ్ళి దొడ్డంతా వాసన కొట్టింది. లోపలి పిల్ల చెవులు వేలాడేసి, తినడం తగ్గించేసింది.

నాన్న ఇక అడగలేదు. చాకు తీసుకుని దొడ్లోకి వెళ్ళాడు. మేము ముగ్గురం వెనకే వెళ్ళాం.

"ఇప్పుడు తీసేస్తే దానికి తెలిసిపోదా మామయ్యా, తన పిల్ల కాదని?" అంది డోరీన్. భయంతో కోటు అంచు రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ దీని పాలేగా తాగింది. ఆ పాల వాసనే ఇప్పుడు పిల్ల ఒళ్ళంతా ఉంటుంది." నాన్న తోలు కోసి గోడ అవతలికి విసిరేశాడు. "దీని పేరు మీదే దీన్ని ఒప్పుకుంటుంది. తోలు ఉంచితే మాత్రం పిల్ల చస్తుంది."

ఆయన ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. తల్లిగొర్రె తడి ముక్కుతో పిల్లని తల నుంచి తోక దాకా మూచూసి, పక్కకి జరిగి పొదుగు ఇచ్చింది. డోరీన్ చప్పట్లు కొట్టింది. నేను వెనక్కి తిరిగేసరికి అమ్మ అక్కడ లేదు. వానలో, తలమీద ఏమీ కప్పుకోకుండా, ఇంటి వైపు నడిచి వెళ్తోంది.

మే నెలలో యుద్ధం అయిపోయిందని చర్చి గంటలు మోగాయి. ఊరంతా కొండ మీద మంట వేసి పాటలు పాడారు. బిర్కెట్ ముసలమ్మ కూడా నాన్నతో రెండు అడుగులు నాట్యం చేసి, "నా మోకాళ్ళు యుద్ధం గెలిచాయిరా ఐజక్!" అంది. అమ్మ రాలేదు.

నోరా వస్తానన్న ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చాక అమ్మ ఏ సామానూ సర్దలేదు. పెట్టె దించలేదు. బంగాళదుంపలు ఉడికించి, బల్ల మీద ఐదు పళ్ళాలు పెట్టింది. తర్వాత ఇంకొకటి తెచ్చి, బల్ల మీదకి చూసి, దాన్ని మళ్ళీ లోపల పెట్టేసింది.

తిన్నాక నోరా సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. "నీకో గౌను కుట్టానే. నా పెళ్ళయిన కొత్తలోని గౌను చింపి కుట్టా. బట్టల రేషన్ కూపన్లు దొరకలా." నీలం గౌను, మెడ చుట్టూ తెల్లటి కుట్టు పువ్వులు. ఎన్ని సాయంత్రాలు పట్టిందో, కుట్టు అంత సన్నగా ఉంది. "ఇది వేసుకునే వెళ్దాం. వీధిలో అందరూ చూడాలి నా కూతుర్ని."

"అయితే కోటు తీయాలిగా," అంది డోరీన్. అది బల్ల దగ్గర కూడా కోటుతోనే కూర్చుంది, బస్సు కోసం ఏ నిమిషానైనా బయటికి వెళ్ళాలి కదా అని. "అత్త విప్పొద్దంది."

నాన్న పైపులో పొగాకు నొక్కుతూ ఉండిపోయాడు. నోరా చేతుల్లో గౌను అలాగే వేలాడుతోంది.

అమ్మ లేచింది. డోరీన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పై బొత్తం తీసింది. రెండోది తీసింది. మూడోదాని దగ్గర వేళ్ళు జారాయి, మళ్ళీ పట్టుకుంది. కోటు తీసి మడవలేదు. కుర్చీ వీపు మీద వేసింది.

గౌను మాత్రం భుజాల దగ్గరే ఆగిపోయింది. నోరా లాగింది. పక్క కుట్లు పటపటమన్నాయి. డోరీన్ చేతులు పైకెత్తి, మొహం గుడ్డలో ఇరుక్కుని నిలబడింది.

"ఇంతే ఉంటుందనుకున్నా," అంది నోరా, చేత్తో తన నడుం దగ్గర కొలత చూపిస్తూ. "నా కళ్ళల్లో ఇంతే ఉందండీ ఇది."

బస్సుకి ఇక ఎంతో సేపు లేదు. నేను అమ్మ కేసి చూశాను. కుర్చీ మీది కోటు తీసి మళ్ళీ తొడిగేస్తుందనే అనుకున్నాను. చాలా తేలిక. ఎవరూ తప్పు పట్టరు.

"విప్పెయ్యి," అంది అమ్మ. "నలిగిపోతుంది."

అల్మైరాలోంచి కుట్టుపెట్టె తెచ్చింది. బల్ల మీద ఎంగిలి పళ్ళాలు పక్కకి తోసి, గౌను తిరగేసి, పక్క కుట్లు రెండువైపులా కత్తిరతో విప్పేసింది. తర్వాత కట్టుకున్న నల్ల లంగా అంచు పట్టుకుంది, చర్చికి కట్టుకెళ్ళే లంగా అది. పళ్ళతో ఒక గాటు పెట్టి, చుట్టూ ఒక్క లాగున చింపేసింది.

"మిసెస్ మౌన్సీ! ఆదివారం కదండీ మీకు..." అంది నోరా.

"బస్సుకి కూడా ఆదివారమే. సూది ఎక్కించడం వచ్చా నీకు?"

"వచ్చు."

"ఆ పక్క నువ్వు కుట్టు. ఈ పక్క నేను."

నాన్న కుర్చీ తీసుకెళ్ళి, దారి కనిపించే కిటికీకి అడ్డంగా వేసి, వీపు కిటికీ వైపు పెట్టి కూర్చున్నాడు. వీధిలోంచి ఎవరు చూసినా ఐజక్ మౌన్సీ వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆదివారం ఆయన నన్ను ఊలు ఉండ కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇద్దరూ తలలు వంచుకుని కుట్టారు. నీలం గౌనులో నల్ల పట్టీ.

"కనిపిస్తుందండీ," అంది నోరా.

"కనిపించనీ." అమ్మ దారం పళ్ళతో తెంపింది. "దీనికి ఎడమ చెవి పోటు వస్తుంది. ఉల్లిపాయ వేడిచేసి గుడ్డలో కట్టి పెట్టు."

"అలాగేనండీ."

"పడుకునేప్పుడు కాళ్ళు మంచుగడ్డలు. ఇటుక వేడి చెయ్యి."

"ఊఁ."

"పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకదు." అమ్మ సూది ఆగింది. మళ్ళీ కదిలింది. "కొన్నాళ్ళు ఓపిక పట్టు. కొట్టకు."

"కొట్టనండీ."

గౌను సరిపోయింది. ఒక పక్క కుట్లు ఇంకో పక్క కుట్లకంటే పెద్దవి. ఎవరివి ఎవరివో నేను చెప్పగలను, చెప్పను.

బయల్దేరేటప్పుడు నోరా మొహమాటంగా కుర్చీ వైపు చూసి, "ఈ కోటు..." అంది. బయట చల్లగానే ఉంది మరి.

"అది డోరీన్‌ది కాదు," అంది అమ్మ.

ఆ వసంతం మొత్తంలో అమ్మ ఆ పేరు పలకడం అదే మొదటిసారి. డోరీన్ తల తిప్పి చూసింది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. అమ్మ నడుం పట్టుకుని, చిరిగిన లంగాలో మొహం దాచుకుని, "అత్తా, నేనుండిపోతా, ఏ పేరైనా పెట్టు, పలుకుతా," అంది. అమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. బొత్తాలు విప్పినప్పటి కంటే మెల్లగా.

నాన్న డోరీన్ పెట్టె మోశాడు. వంతెన దగ్గర బస్సు కదిలింది. డోరీన్ అద్దానికి నుదురు ఆనించి చూస్తూనే ఉంది. అమ్మ చెయ్యి ఊపలేదు. బస్సు కొండ మలుపు తిరిగి, శబ్దం కూడా పోయాక, గొర్రెల అరుపులు వినిపించడం మొదలైంది. నాన్న వాటిని చూడ్డానికి పై దారిన వెళ్ళిపోయాడు.

అమ్మా నేనూ ఒడ్డు దారిన వెనక్కి నడిచాం. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నేను అటువైపు చూడలేదు. చూస్తే నీళ్ళలో మేము ఇద్దరమే కనిపిస్తామో, ముగ్గురమో నాకు తెలీదు.

కొంతదూరం వెళ్ళాక అమ్మ ఆగింది. నా చొక్కా చేతుల వైపు చూస్తోంది. అవి మణికట్లకి జానెడు పైకి ఉన్నాయి. ఎప్పటినుంచో అలాగే ఉన్నాయి.

"నీకెన్నేళ్ళే ఇప్పుడు?"

"పన్నెండు."

"పన్నెండా," అంది అమ్మ. లోలోపల ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కాసేపు నా మొహంలోకి చూసింది. "పన్నెండు."

నా మోచెయ్యి పట్టుకుని నన్ను గోడ వైపుకి జరిపి, తను నీళ్ళ వైపుకి వచ్చింది. ఇల్లు చేరేదాకా అలాగే నడిచాం.